పట్టికలో లేని వేడి

మా చిన్నాయన మూడు నెలలపాటు తనకు మతి తప్పుతోందని నమ్మాడు. అలా నమ్మేలా చేసింది నేను. ఈ రెండు మాటలు ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మధ్యలో ఆ తప్పును ఎండ మీదికి నెట్టి చూశాను, కరెంటు మీదికీ దుకాణంవాడి మీదికీ నెట్టి చూశాను. ఎక్కడా నాలుగు రోజులు నిలవలేదు. తిరిగి నా దగ్గరికే వచ్చింది.

గద్వాలలో ఆయన గ్రాఫు రాసేవాడు. చీర అంచులో కనిపించే పువ్వు మగ్గం మీద పుట్టదు, ముందు గడుల కాగితం మీద పుడుతుంది. ఒక గడి అంటే ఒక పోగు. గడి నింపితే పోగు లేస్తుంది, ఖాళీగా వదిలితే పడుకుంటుంది. ఆ కాగితాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైనున్న జాకార్డుకెక్కి ఏ పోగు లేవాలో చెబుతాయి. కాగితం మీద ఒక్క గడి తప్పిందంటే ఆ తప్పు అంచు పొడవునా జానెడుకోసారి వస్తూనే ఉంటుంది. అందుకని గ్రాఫు రాసేవాడి కళ్ల మీద ఊళ్లో అందరికీ ఓ కన్నుండేది. ఆయనకప్పటికి యాభై దాటాయి. భూతద్దం పట్టుకొని, పెన్సిలు మొన గడిలో ఆనించి, ఊపిరి బిగబట్టి నింపేవాడు.

నేను వనపర్తిలో చదువు ముగించుకొని వచ్చి ఒక చిన్న కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెబుతున్న రోజులవి, రెండువేల నాలుగో ఐదో అయ్యుంటుంది. పాఠాలంటే ఉత్తరం టైపు చేయడం, పట్టిక గీయడం, అంతే. నా పిచ్చి వేరే ఉండేది. గ్రాఫిక్స్ కార్డులు. కంప్యూటరు లోపల కూర్చొని తెర మీద బొమ్మ గీసిపెట్టే పలక అది. సెంటర్లో పాత కంప్యూటరు పత్రికలు కుప్పగా ఉండేవి, వాటిలో ఈ కార్డుల పోలికలు వచ్చేవి. ఒక్క కార్డునూ చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు కానీ అన్నిటి జాతకాలూ నాకు నోటికి వచ్చు. రెండువందల పేజీల నోటుబుక్కులో గీతలు కొట్టి రాసుకున్నాను. చిప్పు వేగం ఎంత, పైపులైన్లు ఎన్ని, మెమరీ ఎంత, చిప్పుకూ మెమరీకీ మధ్య దారి అరవైనాలుగు బిట్లా, నూటఇరవైయెనిమిదా. చిప్పు వేగాన్ని పైపులైన్లతో గుణిస్తే సెకనుకు ఎన్ని చుక్కలు నింపగలదో వస్తుంది. మెమరీ వేగాన్ని దారి వెడల్పుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే సెకనుకు ఎంత సమాచారం పారుతుందో వస్తుంది. దారి ఇరుకైతే డబ్బా మీద మెమరీ ఎంత రాసి ఉన్నా దండగే. ఈ ముక్క తెలియక జనం డబ్బా మీది పెద్ద అంకె చూసి మోసపోతున్నారని నాకు ఒళ్లు మండేది.

ఆ పట్టికల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక మాట ఉండేది. ఇవి లెక్కప్రకారం వచ్చే గరిష్ఠ విలువలనీ, అసలు పనితీరు వేరుగా ఉండవచ్చనీ. దాన్ని ప్రతిసారీ చదివేదాన్ని. నోటుబుక్కులోకి మాత్రం ఎక్కించలేదు, దాన్ని రాయడానికి నేను గీసిన గీతల్లో చోటు లేదు.

ఒకరోజు చిన్నాయనే అడిగాడు. "కంప్యూటర్ల గడి ఎంత పెద్దగ కావాల్నంటె అంత పెద్దగ అయితదంట. నిజమేనా బిడ్డా?"

"బొటనేలంత చేసి సూపిస్త చిన్నాయనా."

"అయితె జర సూడు. కండ్లు గుంజుతున్నయి. ఇంకో పదేండ్లన్న రాయాలె నేను."

ఆయన పెట్టిన షరతు ఒక్కటే, గాలి రావద్దని. మగ్గం ఉన్న గదిలో ఫ్యాను తిప్పరు మా ఇళ్లల్లో. గంజి పెట్టి మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు గాలికి ఎండిందంటే పోగులు పెళుసెక్కి పుటుక్కుమంటాయి. పాలమూరు ఎండల్లో కూడా కిటికీకి తడి గోనె కట్టుకొని, చెమటలు కక్కుతూ నేస్తారు తప్ప ఫ్యాను జోలికి పోరు. ఆ ఇంటికి ఉన్నవే రెండు గదులు, ఒకటి వంటకు, ఒకటి మగ్గానికి. కంప్యూటరు వంటింట్లో పెట్టలేం కదా, మగ్గం పక్కనే పెట్టాలి.

హైదరాబాదులో కంప్యూటరు సామాన్లమ్మే దుకాణానికి నోటుబుక్కు చంకన పెట్టుకొని వెళ్లాను. అక్కడాయన నెమ్మదస్తుడు. నా పని ఏమిటో విని, "మీకు కార్డే అక్కర్లేదు మేడమ్, బొమ్మ గీసే చిప్పు బోర్డు మీదే ఉంటుంది, అది సరిపోతుంది. పెద్ద తెర మీద మినుకుమినుకుమంటుందని భయమైతే ఈ చిన్న కార్డు తీసుకోండి. ఫ్యానుంది, చల్లగా ఉంటుంది," అన్నాడు.

నేను నోటుబుక్కు తెరిచి కౌంటరు మీద పరిచాను. "దీని దారి అరవైనాలుగు బిట్లు. సగానికి సగం. నాకిది అంటగడుతున్నారా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు నాకు తిక్కరేగింది. నా పట్టికలో అన్నిటికన్నా పైనున్న వాటిలో ఫ్యాను లేనిది ఒకటుండేది, ఫ్యానుకు బదులు రెండు వైపులా అల్యూమినియం రెక్కలు. గాలి వద్దన్న చిన్నాయన మాటా నెగ్గుతుంది, నా లెక్కా నెగ్గుతుంది. అదే ఇమ్మన్నాను. బిల్లు రాస్తూ ఆయన, "దీనికి పెట్టె లోపల గాలి బాగా ఆడాలి మేడమ్, మరిచిపోవద్దు," అన్నాడు. విన్నాను. అలాగేనని తలూపాను కూడా. మనసులో మాత్రం ఈయనను ఓడించానన్న సంబరం తప్ప ఇంకేమీ లేదు.

మొదటి రెండు నెలలు పండగే. పెద్ద తెర మీద గడులు చింతగింజలంత కనిపిస్తుంటే చిన్నాయన భూతద్దం పక్కన పెట్టేశాడు. మౌసు పట్టడం రాక మొదట్లో చెయ్యి జారేది, తర్వాత కుదురుకుంది. నేను పక్కన కూర్చొని నా గుణకారాలన్నీ ఆయనకు వినిపించాను. ఓపిగ్గా విని, "అంటె సెకండుకు నూరుకోట్ల చుక్కలు నింపుతదా ఇది? నేను తెల్లారినసంది నింపితె రెండువేలు నింపుత," అని పకపకా నవ్వాడు. చిన్నమ్మను కూడా పిలిచి చెప్పాడు. ఆమెకేమీ అర్థం కాకపోయినా ఆయన నవ్వు చూసి నవ్వింది. ఆ వారమే అడిగాడు, పెట్టె వెనక నుంచి గాలి వస్తున్నదేమిటని. అది లోపలున్న కరెంటు డబ్బా ఫ్యానుదని, దాన్ని ఆపడం కుదరదని చెప్పి వచ్చేశాను. గాలి ఎందుకు బయటికి పోవాలో చెప్పలేదు. ఆయన వెలుగుతున్న మొహం చూసి, ఇక చెప్పేదేముందనుకున్నాను.

చైత్రం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లేసరికి చిన్నాయన తెరకు చాలా దగ్గరగా కూర్చొని ఉన్నాడు. అద్దాలు తీసి పంచెతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. మామిడిపిందె బొమ్మ మీద ఎర్రవీ పచ్చవీ చుక్కలు, నిలువు వరసల్లో. అలాంటి తెర ఫొటో పత్రికలో ఇదివరకే చూశాను. కార్డు మెమరీ వేడెక్కితే అలా వస్తుంది. చూసిన మరుక్షణమే నాకు తెలిసిపోయింది.

ఆయన వెనక్కి తిరగకుండా మెల్లగా అడిగాడు. "బిడ్డా, ఈడ చుక్కలు గిట్ల నిలువుగ కనవడ్తున్నయా నీకు?"

"లేవు చిన్నాయనా. ఏం లేవు."

ఆలోచించి అన్నమాట కాదు. నోట్లోంచి ముందే వచ్చేసింది. ఉన్నాయంటే, ఎందుకున్నాయో చెప్పాలి. ఎందుకో చెప్తే, నేను ఎంచి తెచ్చిన కార్డు, దుకాణంవాడు వద్దన్న కార్డు, నా నోటుబుక్కు, అన్నీ ఆయన ముందు అభాసుపాలవుతాయి. వారం తిరిగేలోపు చప్పుడు కాకుండా బాగుచేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. అంత చిన్న అబద్ధం అది. ఆయన "సరె" అని కళ్లు మూసుకున్నాడు.

ఇక్కడ మా అవ్వ సంగతి చెప్పాలి. ఆమె చిన్నాయనకు తల్లి. చివరి రెండేళ్లు ఆమె తెల్లటి దుప్పటి మీద లేని పోగులు ఏరుతూ ఉండేది. ఏం ఏరుతున్నవే అవ్వా అంటే, "పోగులు, సూడు ఎన్నున్నయో," అనేది. పక్కన కూర్చొని ఆ లేని పోగులను చేతిలోకి అందుకొని, మూటగట్టినట్టు నటించి, ఆమెకు అన్నం తినిపించింది చిన్నాయనే. ఆ ఆదివారం నాకు అవ్వ గుర్తుకు రాలేదు. ఆయనకు వచ్చింది.

మర్నాటి నుంచి నా రిపేరు మొదలైంది. నెట్ సెంటర్లో కొత్త సాఫ్ట్‌వేరు దించుకొచ్చి ఎక్కించాను, కార్డు వేగం కాస్త తగ్గించాను. పొద్దున్నే క్లాసులకు పోతూ ఆగి చూసేదాన్ని. తెర అద్దంలా ఉండేది. పీడా పోయిందనుకున్నాను. పొద్దున ఉండవనీ, ఎండ నెత్తికెక్కాక వస్తాయనీ నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. ఒక్క మధ్యాహ్నం వచ్చి చూస్తే సరిపోయేది. మధ్యాహ్నాలు మాత్రం నేను పోలేదు.

చిన్నాయన మళ్లీ నన్నేమీ అడగలేదు. మాట్లాడటం తగ్గించాడు. ఓ పూట నాతో మాటైనా చెప్పకుండా బస్సెక్కి కర్నూలు పోయి కంటి డాక్టరుకు చూపించుకొని వచ్చాడు. అద్దాల నంబరు కాస్త మారిందట, అంతేగానీ కళ్లు శుభ్రంగా ఉన్నాయన్నాడట డాక్టరు. ఆ కబురు వినగానే నా గుండెల మీద బరువు దిగింది. చిన్నమ్మకు లడ్డూలు కూడా తెచ్చిచ్చాను. ఆమె వాటిని అందుకోకుండా, "పొద్దటిసంది ఏం తింటలేడే. కండ్లు బాగున్నయంటె సంబురపడాలె గద, ఏందో పరేషాన్ అయి కూసున్నడు," అంది. కొత్త అద్దాలు అలవాటయ్యేదాకా అలాగే ఉంటుందిలే అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన తనలో తాను ఒక నియమం పెట్టుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. తెర మీద చుక్కలు కనిపిస్తాయి, కానీ అవి లేవు. లేవని చదువుకున్న బిడ్డ చెప్పింది. కాబట్టి ఎక్కడ విడిగా చుక్క కనిపించినా దాన్ని పట్టించుకోవద్దు, ముట్టుకోవద్దు. ఆ నియమం ప్రకారమే పని చేసుకుపోయాడు. అలాంటి ఒక మధ్యాహ్నం మౌసు జారి, నిజంగానే ఐదు చుక్కలు అంచు పక్కన ఖాళీ చోట పడ్డాయి. ఆయన వాటిని చూశాడు. తన నియమం ప్రకారం వదిలేశాడు. గ్రాఫును కాగితం మీద అచ్చు తీసినప్పుడు కాగితం మీదా చూశాడు. కాగితం మీద కూడా కనిపిస్తున్నాయంటే ముదిరిందనుకున్నాడు. ఇంకెవరికీ చూపించకుండా అట్టలు కొట్టేవాడికి పంపేశాడు.

చీర మగ్గం దిగిన రోజు నేను చిన్నాయన ఇంట్లోనే ఉన్నాను. నేయించే సావుకారి చీరను చాప మీద పరిచాడు. కాటన్ ఒళ్లు, పట్టు అంచు, జరీ మామిడిపిందెలు. ఆ పిందెల పక్కన, ఏ లెక్కకూ అందని ఐదు జరీ చుక్కలు. జానెడు దాటాక మళ్లీ ఐదు. కొంగుదాకా అలాగే పోయాయి.

"ఇదేం డిజైను? ఇన్నేండ్ల సంది నీ చేతిల ఒక్క పోగు తప్పలే. ఏమైంది నీకు?" అన్నాడు సావుకారి. కోపంగా అనలేదు, భయపడ్డట్టు అన్నాడు.

చిన్నాయన వంగి చీర అంచును వేలితో తడిమాడు. "ఇవి ఉన్నయా? నిజంగ ఉన్నయా?" అని సావుకారినే అడిగాడు.

"ఉన్నయి గద, చేతికి తగుల్తలేవా?"

చిన్నాయన నా వైపు చూశాడు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేను చీర వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన లేచి నిలబడి, గ్రాఫులు ఇక వేరేవాళ్లతో రాయించుకోమని సావుకారికి చెప్పాడు. సావుకారి వద్దు వద్దంటున్నా వినలేదు.

నాలుగు రోజులకు చిన్నమ్మ మా సెంటరుకు వచ్చింది. అంతకుముందు ఎన్నడూ రాలేదు. మెట్ల మీదే చెప్పులు విడిచి, పిల్లలు టైపు చేసుకుంటుంటే గోడ పక్కన నిలబడింది. బయటికి తీసుకుపోతే చెప్పింది. "పడుగు మీద చెయ్యి పెట్టి కూసుంటుండు. ఈ పోగు ఉన్నదా, ఇది ఉన్నదా అని ఒక్కొక్కటి నన్నడుగుతుండు. నిన్న నా చెయ్యి వట్కొని అన్నడు, ఉన్నయేవో లేనియేవో నాకు తెలుస్తలేదు, అవ్వ తీర్గ అయితున్న, ఎవ్వరికి చెప్పకు అన్నడు. నాకు భయమైతుందే."

క్లాసు మధ్యలోనే వదిలేసి ఆమె వెంట నడిచాను. ఒంటిగంట దాటింది. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. దారి పొడవునా చెప్పవలసిన వాక్యాన్ని లోపల నాలుగైదు రకాలుగా కూర్చుకున్నాను, అన్నిటిలోనూ తప్పు ఎండదే అయ్యేట్టు.

చిన్నాయన వంటింట్లో గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. మగ్గం గదిలో కంప్యూటరు నడుస్తూనే ఉంది, తెర నిండా చుక్కలు. పెట్టె మీద చెయ్యి వేసి చప్పున తీసేశాను. వెనక్కి వంగి చూస్తే, గాలి బయటికి వచ్చే చోట పాత పంచెను నాలుగు మడతలు పెట్టి, తడిపి, గట్టిగా కూరి ఉంది. పడుగుకు వేడి గాలి తగలకుండా ఆయన చేసుకున్న ఏర్పాటు. మగ్గం ఉన్న ఏ ఇంట్లోనైనా ఎవరైనా అదే చేస్తారు. పెట్టె విప్పాను. నేను మురిసిపోయిన ఆ అల్యూమినియం రెక్కల మధ్య నూలు దుమ్ము దూదిలా పేరుకొని, అక్కడక్కడ గోధుమరంగుకు మాడి ఉంది. వాసన ముక్కుకు కొట్టింది. నా నోటుబుక్కులో ఈ కార్డుకు పదకొండు గళ్లున్నాయి. వేడికి ఒక్కటీ లేదు, నూలు దుమ్ముకూ లేదు.

చల్లారాక కార్డు ఊడబీకి పక్కన పెట్టి, తెర తీగను బోర్డు మీదున్న దానికే తగిలించాను. దుకాణంలో ఆయన చాలన్నది అదే. కొంచెం మినుకుమంది కానీ బొమ్మ కడిగినట్టు వచ్చింది. గంటన్నర అలాగే నడిపి చూశాను. ఒక్క చుక్క రాలేదు.

చిన్నాయనను లేపి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన తెర వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"చుక్కలు లేవు," అన్నాడు. "మల్ల ఇదేంది? ఉన్నయి గూడ కనవడ్తలేవా ఇప్పుడు?"

"నిజంగనే లేవు చిన్నాయనా. అప్పుడు నిజంగనే ఉండె. కార్డు వేడై వచ్చినయి. నీ కండ్లల్ల ఏం లేదు, నీ తలకాయల ఏం లేదు." దారిలో కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు.

ఆయన తెర మీదినుంచి చూపు నా మీదికి తిప్పాడు. తలుపు దగ్గర చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది.

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"మొదటి దినం సంది."

తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. రెండు చెంపలు వాయించినా బాగుండేది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, ఎవరికో మూడోవాళ్లకు చెబుతున్నట్టు చెప్పాడు. "కర్నూల డాక్టరు నీ కండ్లు బాగున్నయన్నంక బయటికొచ్చి బస్టాండుల కూసోని ఏడిస్తి. కండ్లయితె ఆపరేషన్ చేస్తరు. తలకాయకు ఏం చేస్తరు అనుకుంటి."

నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. లేపి, "పో బిడ్డా, క్లాసు పోతది," అన్నాడు. అంతకన్నా ఒక్క మాట అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

వానలు పడ్డాక సావుకారే ఇంటికి వచ్చి గ్రాఫులు మళ్లీ ఆయన చేతికిచ్చాడు. బోర్డు మీది బొమ్మతోనే ఆ కంప్యూటరు చాలా ఏళ్లు నడిచింది. చిన్నాయన పని ఎప్పటిలా సాగింది, పోగు తప్పలేదు. నేను సాయంత్రాలు పోయి పక్కన కూర్చునేదాన్ని. టీ ఇచ్చేవాడు, నా పెళ్లి మాటలూ సెంటరు కబుర్లూ అడిగేవాడు, నవ్వేవాడు కూడా. రాస్తూ రాస్తూ ఎక్కడైనా అనుమానం వస్తే చెయ్యి ఆగేది. నేను ఆయన మోచేతికి తగిలేంత దగ్గరలో, అదే తెర వైపు చూస్తూ ఉండేదాన్ని. ఆయన నన్ను దాటి వంటింటి వైపు కేకేసేవాడు.

"ఓయ్, జర ఇటు రా. ఈడ చుక్క ఉన్నదా లేదా, సూసి చెప్పు."

చిన్నమ్మ రొట్టెల పిండి అంటిన చేతులతోనే వచ్చేది. ఆమె వంగి చూడటానికి నేను పక్కకు జరిగేదాన్ని.